రాత ముత్యాలు, చదవమంటే మౌనం: పాపను బడి మార్చాలా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చాను. ఏడో తరగతి వరకు తెలుగులో చదువుకున్నాను. ఒడియా మాట్లాడతాను గానీ చదవడం రాదు. మా పాప ఊళ్లో సర్కారు బడిలో మూడో తరగతి. నోట్‌బుక్కులు తీస్తే చక్కటి రాత, ప్రతి పేజీకీ టిక్కు. మొన్న మా తోటికోడలి కూతురు ఒడియా పుస్తకం ఇచ్చి చదవమంటే ఒక్క ముక్క చదవలేదు. తెలుగూ రాదు. మా ఆయన ఆటో నడుపుతారు. ఇప్పుడే హద్దు అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిలో వేసేద్దాం, వ్యాను వస్తుంది అంటున్నారు. ఫీజు, వ్యాను కలిపితే సంపాదనలో మూడోవంతు దానికే పోతుంది. ఆడపిల్లకి అంత ఖర్చెందుకు అంటారు అత్తగారు. పోయినేడు నన్ను బడి కమిటీలో మెంబరుగా వేశారు. మీటింగుకి పిలిస్తే వెళ్లి చూపించిన చోట సంతకం పెట్టి వస్తాను. పాపను మార్చమంటారా? నాలాంటిది ఈ బడిని ఏమైనా మార్చగలదా? రాత్రి నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్.
ఒక తల్లి, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం:

అమ్మా,

ముందు మీ రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెప్తాను. ఈ ఏడాది పాపను బడి మార్చకండి. ఇక బడిని మార్చగలరా అన్నారు. మొత్తం బడిని మార్చాలని కూర్చుంటే అది మీ వల్లా కాదు, నా వల్లా కాదు. కానీ ఆ బడి రోజులో ఒక్క గంటను మార్చడం మీరు చెయ్యగలిగిన పనే. పాపకు ఇప్పుడు కావలసింది ఆ గంటే.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. రేపు పాప ఆవిడ మందు సీసా మీద పేరు చదివి చెప్పిందంటే ఆవిడే మాట మార్చుకుంటారు.

మీ ఉత్తరం చదువుతూ "చక్కటి రాత, ప్రతి పేజీకీ టిక్కు" అన్న చోట ఆగిపోయాను. అలాంటి టిక్కులు నేనూ పెట్టాను, నలభై ఏళ్ల కిందట. నా మొదటి ఉద్యోగం కొండ మీద ఒక సవర గిరిజనుల పల్లెలో. నాకు ఇంట్లో తెలుగు, చెప్పాల్సింది ఒడియా, పిల్లలకు వచ్చింది సవర. అక్కడ ఒక పిల్లవాడి నోట్‌బుక్కు అచ్చు వేసినట్టుండేది. బోర్డు మీద నేను రాసింది రాసినట్టు దించేవాడు, నా చేతిరాతలో ఉన్న వంకరతో సహా. పాఠం చదవమంటే గడగడా అప్పజెప్పేవాడు. వాణ్ణి చూసి నేను పొంగిపోయేవాణ్ణి. రెండో ఏడు ఒక రోజు వాడు చదువుతుంటే ఈగను తోలబోయి పేజీ మీద చెయ్యి పెట్టాను. వాడి గొంతు ఆగలేదు. అక్షరాలన్నీ నా అరచేతి కింద ఉన్నాయి, పాఠం మాత్రం సాగిపోతోంది. చెయ్యి తియ్యకుండా చివరిదాకా విన్నాను. తర్వాత అదే పాఠంలోంచి ఒక్క మాట తీసి పలక మీద రాసి చూపించాను. వాడు పలక వైపు చూడలేదు, నా ముఖంలోకి చూశాడు. నేను ఏదైనా అంటే దాన్ని అందుకుందామని.

వాడికి తెలివి లేదని ఎలా అంటాం? అర్థం కాని భాషలో పేజీలకు పేజీలు కంఠతా పట్టిన పిల్లవాడు వాడు. అంత తెలివినీ రెండేళ్లు నేను వృథా చేశాను. ఆ తప్పు నాది. అందుకే మీకింత పొడుగు జవాబు రాస్తున్నాను.

చూసి రాయడం వేరు, చదవడం వేరు. చుక్కలు చూసి ముగ్గు కలిపే పిల్లకు చెయ్యి తిరిగి ఉంటుంది. అక్షరాన్ని కూడా ముగ్గులాగే దించేస్తుంది. బడికి వచ్చే పై అధికారి హాజరుపట్టీ చూస్తాడు, మధ్యాహ్న భోజనం లెక్క చూస్తాడు, నోట్‌బుక్కులు తిరగేస్తాడు, సిలబస్ ఎంతవరకు అయిందని అడుగుతాడు. ఒక పిల్లను దగ్గరికి పిలిచి "ఇది చదువమ్మా" అని అడిగేవాళ్లు తక్కువ. అడిగేది నోట్‌బుక్కు కాబట్టి మాస్టారు నోట్‌బుక్కు నింపిస్తారు. మన పల్లెల్లో ఇద్దరు మాస్టార్లు అయిదు తరగతులు చూసే బళ్లు ఎన్నో. ఒకటో తరగతికి బోర్డు మీద రాసిచ్చి దించమంటే తప్ప మూడో తరగతికి పాఠం చెప్పడానికి వాళ్లకు తీరిక దొరకదు. పాఠ్యపుస్తకం ఎవరి కోసమూ ఆగదు. ఒకటో తరగతిలో అక్షరాలు పట్టుబడని పిల్ల ముందుకి రెండో తరగతిలో వాక్యాలు వస్తాయి, మూడో తరగతిలో పేజీడు పాఠాలు వస్తాయి. ఆ పిల్ల ఇంకా అక్షరాల దగ్గరే కూర్చుని ఉంటుంది. ఆ పిల్ల కోసం వెనక్కి వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇది మీ ఊరి గొడవే అనుకోకండి. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి దేశమంతా పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూస్తోంది. ఆ నివేదికను అసర్ అంటారు. 2024 అసర్ ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 98 శాతం మంది పేర్లు బడిలో ఉన్నాయి. కానీ సర్కారు బళ్లలో మూడో తరగతి చదువుతున్నవాళ్లలో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం మందే. 2022లో అయితే 16.3 శాతమే. అంటే నలుగురిలో ముగ్గురు మీ పాపలాగే ఉన్నారు. పిల్లల్ని బడి దాకా తీసుకురావడానికి ఈ దేశం యాభై ఏళ్లకు పైగా కష్టపడింది. వచ్చినవాళ్లకు చదవడం నేర్పే పని ఇంకా మిగిలే ఉంది. మీ పాప మొద్దు కాదని ముందు మీరు గట్టిగా నమ్మాలి. ఆ నమ్మకం లేకపోతే నేను కింద చెప్పే పనులేవీ వారం దాటి సాగవు.

మీ పాపకు దీని మీద ఇంకో బరువుంది. అది భాష.

ఒకసారి ఒకటో తరగతిలో కొత్తగా చేరిన తెలుగు పిల్లవాడితో బడి వదిలేటప్పుడు "కాలి ఆసిబొ" అన్నాను, రేపు రా అని. వాడు కిందికి వంగి తన కాలు చూసుకున్నాడు, ముల్లు గుచ్చుకుందేమోనని. "ఘొరొ" అంటే ఇల్లు. తెలుగు చెవికి అది ఘోరం. పైగా రాసే అక్షరాలు ఘ, ర. పలికేది మాత్రం ఘొ, రొ. ఒడియాలో అకారం ఒకారం వైపు వంగి పలుకుతుంది. ఇంట్లో ఒడియా వింటూ పెరిగిన పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు. మన పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి. పుట్టినప్పటి నుంచీ ఒడియా మాట్లాడే మాస్టారికి ఇది చెప్పాల్సిన సంగతని తోచదు.

లెక్కల్లో ఇంకా అన్యాయం జరుగుతుంది. ఇరవై తొమ్మిది అంటే మన పిల్లకు ఇరవై, దాని మీద తొమ్మిది. పేరులోనే లెక్క కనబడుతుంది. ఒడియాలో దాన్ని "అణతిరిశ" అంటారు, ముప్ఫైకి ఒకటి తక్కువ అని. "అణతిరిశలోంచి ఏడు తియ్యి" అంటే పిల్ల తెల్లముఖం వేస్తుంది. "ఇరవై తొమ్మిదిలోంచి ఏడు తియ్యి" అంటే వేళ్లు ముడిచి ఇరవై రెండు అంటుంది. ఆ పిల్లకు లెక్క వచ్చు, అంకె పేరు రాదు, అంతే. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం లెక్కల్లో వీక్ అని పడుతుంది. ఇవాళ సాయంత్రమే తెలుగులో అడిగి చూడండి.

తెలియని భాషలో చదువు మొదలుపెడితే పిల్ల మూగబోతుందని మన పర్లాకిమిడిలోనే వందేళ్ల కిందట ఒకాయన గుర్తించారు. ఇక్కడ రాజావారి బడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు. వాడుక తెలుగు కోసం పోరాడారని అందరికీ తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. అంతకంటే ముందే ఆయన సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఒడిశా ప్రభుత్వం 2006-07 నుంచి పది గిరిజన భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టింది. వాటిలో సవర, కువి, కోయ ఉన్నాయి. నేను ఆ కొండ మీద ఉన్న రోజుల్లో అది ఉంటే ఆ పిల్లవాడు చదివేవాడు.

తెలుగు పిల్లలకు ఇటువైపు పట్టణాల్లో తప్ప అలాంటి ఏర్పాటు దొరకడం కష్టం. చట్టంలో మాత్రం ఉంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం చెబుతుంది, అది 1956లో చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషలో చెప్పమంటుంది. ఆ "వీలైనంత వరకు" అన్న మాట దగ్గరే మనవాళ్ల అర్జీలు ఏళ్ల తరబడి ఆగిపోతుంటాయి. దాని కోసం అడగాల్సిందే, కానీ అది అయ్యేలోపు మీ పాప పెద్దదైపోతుంది. కాబట్టి ఇంట్లో మొదలుపెడదాం.

ముందు పాప ఎక్కడుందో తెలుసుకోండి. పరీక్ష అనకండి, ఆటలా కూర్చోబెట్టండి. అసర్ వాళ్లు ఇంటికొచ్చి చేసేది కూడా ఇంతే, పది నిమిషాల పని. కొన్ని అక్షరాలు విడివిడిగా, వరసలో కాకుండా కలగాపులగంగా రాసి చూపించండి. అవి వస్తే రెండేసి అక్షరాల మాటలు. అవి వస్తే ఒకటో తరగతి స్థాయిలో నాలుగు చిన్న వాక్యాలు. అవీ వస్తే ఎనిమిది, పది వాక్యాల కథ. అక్షరం, మాట, వాక్యం, కథ. ఈ నాలుగు మెట్లలో ఏ మెట్టు మీద ఆగిందో అదే పాప తరగతి, మూడో తరగతని రిజిస్టరులో రాసి ఉన్నా సరే. తెలుగులో మీరు చూడండి. ఒడియాలో తోటికోడలి కూతురి చేత చూపించండి. పాఠ్యపుస్తకంలోది ఇవ్వకండి, అది కంఠతా వచ్చి ఉంటుంది. ఏదైనా అప్పజెబుతోందని అనుమానం వస్తే మధ్యలో అరచెయ్యి అడ్డం పెట్టండి.

తర్వాత మీరు తెలుగు చదవడం నేర్పండి. మీ ఆయన "ఒడియా బడిలో ఉన్న పిల్లకు తెలుగెందుకు" అంటారేమో. చదవడం అనే పని మనిషి ఒక్కసారే నేర్చుకుంటాడమ్మా. గీతకూ శబ్దానికీ సంబంధం ఉందని ఒక భాషలో తలకెక్కితే రెండో లిపి చాలా తొందరగా వస్తుంది. తెలుగు, ఒడియా లిపులు వేరైనా వరస ఒకటే: క ఖ గ ఘ, చ ఛ జ ఝ. గుణింతం పద్ధతీ ఒకటే. ఇంట్లో మాట్లాడే మాటే కాగితం మీద ఉందని పాపకు తెలిసిన రోజు సగం పని అయిపోతుంది.

అచ్చుల నుంచి వరసగా యాభై ఆరు అక్షరాలూ దిద్దించకండి. ప, ల, క, మ, ట, ఈ అయిదు తీసుకోండి. వాటితో పలక, కల, కమల వస్తాయి. దీర్ఘం నేర్పితే పాట, మాట, పాప, మామ వస్తాయి. కొమ్ము నేర్పితే పాలు, కాలు వస్తాయి. రెండో వారానికే పిల్ల "మామ మాట", "పాప కాలు" అని చదువుతుంది. పాత క్యాలెండరు వెనక్కి తిప్పి పెద్ద అక్షరాలతో రాసి ముక్కలు కత్తిరించండి, నేల మీద పరిచి మాటలు కట్టించండి. రాయించడం కొన్నాళ్లు ఆపండి. మీ పాప చెయ్యి బాగానే ఉంది, చెయ్యి కంటే ముందు కన్ను, చెవి కలవాలి. రోజూ అరగంట చాలు. వంటింట్లో పప్పు ఉడుకుతుండగా అయినా సరే, రోజూ జరగాలి. ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టి మిగతా రోజులు వదిలేస్తే ప్రయోజనం ఉండదు.

తెలుగులో మాటల మెట్టు దాటాక అవే అక్షరాలు ఒడియాలో చూపించమని తోటికోడలి కూతుర్ని అడగండి. మన "మాట" ఉన్న చోట వాళ్లకు "మాటి" ఉంది, అంటే మట్టి. ఇలాంటివి పాపకు తమాషాగా ఉంటాయి. ఒడియా అక్షరాల్లో చాలావాటికి పైన గుండ్రటి గొడుగు ఒకటే, తేడా అంతా కింది భాగంలో ఉంటుంది. మన పిల్లలు ఆ గొడుగు చూసి తికమకపడతారు. కింది భాగం మీద వేలు పెట్టి చూపించమని చెప్పండి. అకారం ఒకారంలా పలుకుతారన్న సంగతి కూడా ఆ అమ్మాయే చెప్పాలి.

ఇప్పుడు పాతపట్నం బడి సంగతి. మీ ఆయన ఆరాటం నాకు అర్థమవుతుంది. సంపాదనలో మూడోవంతు పిల్ల చదువుకి పెడతానంటున్న తండ్రిని తప్పుపట్టలేను. కానీ ఇంట్లో తెలుగు, ఊళ్లో ఒడియా, ఏ భాషలోనూ చదవడం రాని పిల్లను ఇంగ్లీషు మూడో తరగతిలో కూర్చోబెడితే ఏం జరుగుతుంది? మళ్లీ చూసి రాస్తుంది. ఈసారి ఇంగ్లీషులో రాస్తుంది, అట్టలు వేసిన పుస్తకాల్లో రాస్తుంది, మీకు ఇంకో మూడేళ్లు తెలియదు. అదే 2024 అసర్‌లో ప్రైవేటు బళ్ల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 35.5 శాతం. సర్కారు బడి కంటే ఎక్కువే. కానీ అక్కడా ముగ్గురిలో ఇద్దరికి రాలేదు. పైగా ఆ పిల్లల్లో చాలామంది ఇళ్లలో ట్యూషన్ పెట్టించగల స్తోమత ఉంటుంది.

ఇంకో సంగతి సరిహద్దులో ఉన్న మనం మరిచిపోకూడదు. ఒడిశాలో సర్కారు ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం రావాలి, ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలి. అటువైపు ప్రభుత్వం తల్లుల ఖాతాల్లో వేసే డబ్బు ఆ రాష్ట్రం కార్డులున్న కుటుంబాలకే. మూడో తరగతిలో హద్దు దాటించిన పిల్ల పదో తరగతి అయ్యాక ఇక్కడా కాక అక్కడా కాక చిక్కుపడటం నేను చూశాను. అలాగని ఎప్పటికీ మార్చవద్దని కాదు. ఏడాది ప్రయత్నించాక కూడా బడిలో కదలిక లేకపోతే మార్చండి. అప్పుడు కూడా బోర్డు, బెల్టు, టై చూసి కాదు. ఆ బడికి వెళ్లి ఒక మూడో తరగతి పిల్ల చేత మీ ముందు కొత్త కథ ఒకటి చదివించమనండి. చదివించడానికి ఒప్పుకోని బడిలో డబ్బు కట్టకండి.

ఇక కమిటీ. మీరు దాన్ని చిన్నగా తీసిపారేశారు గానీ అది చట్టం ఇచ్చిన కుర్చీ. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం కమిటీ పని. కాబట్టి ఇక నుంచి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు "ఇందులో ఏముందో చదివి వినిపించండి సార్" అనండి. గొంతు పెంచక్కర్లేదు. ఆ ఒక్క మాట అలవాటు చేసుకోండి.

అయితే కమిటీ మీటింగులు పెడితే చదువు వచ్చేస్తుందని కూడా అనుకోకండి. ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ జిల్లాలో 2005-06లో ప్రథమ్‌తో కలిసి 280 ఊళ్లలో దీన్ని పరీక్షించి చూశారు. తర్వాత 2019లో నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కూడా అందులో పనిచేశారు. ఊరి విద్యా కమిటీల్లో ఉన్న తల్లిదండ్రుల్లో కొందరికి తాము సభ్యులమన్న సంగతే తెలియదని అప్పుడు బయటపడింది. కొన్ని ఊళ్లలో మీటింగులు పెట్టి హక్కులన్నీ వివరించారు. బడి మారలేదు, చదువూ మారలేదు. ఇంకొన్ని ఊళ్లలో దానికి తోడు ఊరి కుర్రాళ్లకు కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి పిల్లలకు చదవడం నేర్పించే క్లాసులు పెట్టించారు. ఆ క్లాసులకు వచ్చిన పిల్లలు ముందుకు వచ్చారు.

హర్యానాలో 2012-13లో సర్కారు మాస్టార్ల చేతే చేయించారు. బడిలోనే ఇందుకోసం ఒక గంట విడిగా పెట్టారు. ఆ గంటలో పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టారు. అక్షరాల దగ్గరున్నవాళ్లు ఒక గుంపు, మాటల దగ్గరున్నవాళ్లు ఒక గుంపు. ఆ గంటలో పాఠ్యపుస్తకం ముట్టుకోలేదు. పిల్లలకు చదవడం వచ్చింది. బీహార్‌లో మాస్టార్లకు శిక్షణ, పుస్తకాలు ఇచ్చి గంట విడిగా ఇవ్వని చోట మళ్లీ సిలబస్‌లోనే పడిపోయారు. నేను మొదట్లో చెప్పిన ఒక్క గంట ఇదే. మా రోజుల్లో నాకు ఎవరైనా "రోజుకో గంట సిలబస్ పక్కన పెట్టు, నీ మీద మాట రాదు" అని చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. బడికి రంగులు వేయించడం, స్మార్ట్ బోర్డు తెప్పించడం మంచివే. కానీ ఆ గంట తర్వాతే.

మీటింగులో లేచి ఒక్కసారిగా అడగకండి. నలుగురి ముందు అడిగితే ఏ హెడ్‌సార్‌కైనా తన మీద ఫిర్యాదులా వినబడుతుంది. ముందు రోజు సాయంత్రం బడి వదిలాక ఇద్దరు ముగ్గురు తల్లులతో కలిసి వెళ్లండి. పాపకు చదవడం రావడం లేదని, ఇంట్లో మీరు నేర్పుతున్నారని చెప్పండి. మూడు, నాలుగు, అయిదు తరగతులకు కలిపి పొద్దున మొదటి గంట ఇలా కూర్చోబెట్టగలరా అని అడగండి. పొద్దుటి గంటే ఎందుకంటే భోజనం తర్వాత పిల్లలూ తగ్గుతారు, ఓపికా తగ్గుతుంది. సిలబస్ ఏమవుతుందని ఆయన భయపడతారు. అందుకూ జవాబుంది. కేంద్రం 2021 జూలైలో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2026-27 నాటికి ప్రతి పిల్లా మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుని చదవాలి, చిన్న లెక్కలు చెయ్యాలి అన్నది దాని లక్ష్యం. ఈ గంట దానికోసమేనని ఆయన పైవాళ్లకు చెప్పుకోవచ్చు. ఇద్దరు మాస్టార్లు నాలుగు గుంపులు చూడలేకపోతే ఊళ్లో పదో తరగతి, ఇంటర్ చదివిన ఆడపిల్లలు ఇద్దరిని మీరు ఒప్పించి తీసుకురండి. తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాళ్లయితే అక్షరాల గుంపుకు వాళ్లే సరైన టీచర్లు, "అణతిరిశ" అంటే ఏమిటో తెలుగులో చెప్పగలిగేది వాళ్లే.

ఆయన ఒప్పుకుంటే మర్నాడు మీటింగులో తీర్మానంగా రాయించండి: ఏ గంట, ఎన్ని గుంపులు, రెండు నెలలకోసారి ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి కమిటీకి చెప్పాలి. రిజిస్టరులో పడిన మాట మాస్టారు బదిలీ అయినా ఉంటుంది. కాగితాలు, కత్తెర, చిన్న కథల పుస్తకాలకు ఖర్చు పెద్దగా ఉండదు. బడికి ఏటా వచ్చే గ్రాంటులోంచి కొనవచ్చు. నూరు మంది లోపు పిల్లలున్న బడికి అది 25,000 రూపాయలు, మరీ చిన్న బడికి అంతకంటే తక్కువ.

మాస్టార్లే సరిపడా లేకపోతే అది వేరే అర్జీ. చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులున్న బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు టీచర్లుండాలి. లేకపోతే కమిటీ తరఫున లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాని మీద మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలని అదే చట్టంలో ఉంది. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకుని, దాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే అర్జీ ఏ రోజు అందిందో మీరు చూపించలేరు.

ఇంటి అరగంట మాత్రం వీటిలో దేని కోసమూ ఆగక్కర్లేదు. ఇవాళ రాత్రి అన్నాలయ్యాక క్యాలెండరు కాగితం మీద పలక, పాట, పాలు రాసి పాప ముందు పెట్టండి. తోటికోడలి కూతుర్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు ఆ అమ్మాయికి తెలుగు అక్షరాలు చెప్తే ఆ అమ్మాయి మీ ఇద్దరికీ ఒడియా చెప్తుంది. దసరా సెలవులకు పాప ఏ మెట్టు మీద ఉందో నాకు ఒక కార్డు ముక్క రాయండి. హెడ్‌సార్ ఏమన్నారో కూడా రాయండి, కాదన్నా సరే. ఆయన చెప్పిన కారణాన్ని బట్టి తర్వాత ఏం అడగాలో ఆలోచిద్దాం.